అమ్మ వెతికిన పోనీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'పోనీ' అన్న మాటని ఎవరూ మామూలుగా వాడడానికి వీలుండేది కాదు. "పోనీ, ఇవాళ్టికి చారు పెట్టేయనా?" అని అమ్మ వంటింట్లోంచి అడిగితే, ఆడుకుంటున్న బొమ్మలు వదిలేసి పరిగెత్తుకొచ్చేదాన్ని. "పోనీలే, వచ్చే వారం వెళ్దాం" అని నాన్న ఫోన్‌లో ఎవరితోనో అంటే, ఏ పోనీ, ఎక్కడికి వెళ్దాం అని చొక్కా పట్టుకుని లాగేదాన్ని. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాకు తెలిసిన పోనీ ఒక్కటే. పొట్టి కాళ్ళు, గుండ్రటి పొట్ట, కళ్ళ మీద పడే జూలు ఉన్న చిన్న గుర్రం.

మేము అప్పట్లో దేశం కాని దేశంలో, అరోరా అనే ఊరికి పడమటి అంచున ఉండేవాళ్ళం. మా ఇళ్ళ వరస అయిపోగానే మొక్కజొన్న చేలు మొదలయ్యేవి. వాటి మధ్య అక్కడక్కడ గుర్రాలు పెంచే పొలాలు. స్కూల్ బస్సు ఒక మలుపు దగ్గర ఆగినప్పుడు కంచె పక్కన రెండు షెట్లాండ్ పోనీలు కనిపించేవి. పెద్ద గుర్రాల్ని చలికి లోపల కట్టేసిన రోజుల్లో కూడా అవి బయటే ఉండేవి. వీపు మీద మంచు పేరుకుంటున్నా పట్టించుకోకుండా మేస్తూ ఉండేవి. ఎక్కడో ఉత్తరాన, సముద్రపు గాలి విసిరికొట్టే దీవుల్లో పుట్టిన జాతి అని చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ వయసులో నాకు తెలిసిందల్లా, అవి నా ఎత్తులో ఉన్నాయని. ఈ దేశంలో అన్నీ నాకంటే పెద్దగా ఉన్నప్పుడు, ఒక గుర్రం మాత్రం నాకు సరిపోయేలా ఉండడం నాకు గొప్పగా అనిపించేది.

ఆ వేసవిలో నా క్లాస్‌మేట్ పుట్టినరోజుకి ఒక పోనీని తెప్పించారు. పిల్లలందరం వరసగా నిలబడి ఒక్కొక్కరం ఎక్కుతున్నాం. నా వంతు వచ్చింది. జీను మీద కూర్చున్నాను. రెండడుగులు వేసిందో లేదో, వెనక ఎవరిదో బెలూన్ పగిలింది. పోనీ ఒక్కసారిగా పక్కకి గెంతింది. నేను కింద పడ్డాను. ఎడమ చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాక నాన్న, "ఇంక ఈ ఇంట్లో గుర్రాల మాట ఎత్తొద్దు" అన్నాడు. నేను సోఫాలో పడుకుని, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, "మళ్ళీ ఎప్పుడు ఎక్కొచ్చు?" అని అడిగాను. నాన్న తల పట్టుకున్నాడు. అమ్మ మాత్రం నా వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో వింతని చూసినట్టు చూసింది.

ఎందుకంటే మా అమ్మకి జంతువులంటే భయం. మామూలు భయం కాదు. పేవ్‌మెంట్ మీద ఎదురుగా ఎవరైనా కుక్కని తీసుకొస్తుంటే, అవతలి వైపుకి దాటిపోయేది. పెరట్లో చెక్కలతో కట్టిన డెక్ మీదకి ఉడత వస్తే, అది వెళ్ళేదాకా తలుపు తీసేది కాదు. తెలిసినవాళ్ళ ఇంట్లో పిల్లి ఉంటే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేది. అలాంటి అమ్మ, కొన్ని రోజుల తర్వాత భోజనాల దగ్గర నాన్నతో, "దానికి ఒక పోనీ చూద్దామండీ" అంది.

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "చెయ్యి విరిగింది కదా!"

"గుర్రం వల్ల విరగలేదండీ. ఆ గుర్రం వల్ల విరిగింది."

నాన్నకి ఆ తేడా అర్థం కాలేదు. నాకూ కాలేదు. అమ్మకి కూడా అప్పటికి పూర్తిగా తెలిసి ఉండదు. తెలుసుకోవడానికి బయల్దేరింది, అంతే.

అప్పట్లో అమ్మది ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా. నన్ను స్కూలుకి పంపాక పగలంతా ఇంట్లోనే. మా ఇంటికి కారులో కాస్త దూరంలో గుర్రాల్ని ఉంచే పెద్ద బార్న్ ఒకటి ఉండేది. అమ్మ అక్కడికి వెళ్ళి, దాన్ని నడిపే ఆవిడతో, "నాకు గుర్రాల గురించి ఏమీ తెలియదు, జీతం అక్కర్లేదు, చేతనైన పని చేస్తాను, నేర్పిస్తారా?" అని అడిగింది. ఆవిడ అమ్మ చేతికి పొడవాటి చీపురు ఇచ్చిందట. మొదట్లో గుర్రాలు లేని వైపు మాత్రమే ఊడ్చేదాన్నని అమ్మే నవ్వుతూ చెప్పేది. తర్వాత గుర్రాల పక్కనుంచి నడవడం, ఆ తర్వాత చెయ్యి చాపి అరచేతిలో క్యారెట్ ముక్క పెట్టడం. వేళ్ళు ముడవకుండా అరచేతిని పళ్ళెంలా పెట్టాలని నాకు ఇంట్లో చేసి చూపించేది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో పోపు వాసనతో పాటు ఎండుగడ్డి వాసన ఉండేది. అమ్మ బూట్లు గరాజ్‌లో విడిచి, స్నానం చేసి, నా పక్కన కూర్చుని ఆ రోజు తెలుసుకున్నది చెప్పేది. గుర్రం చెవులు వెనక్కి వాలిస్తే కోపమని, వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్ళకూడదని. ఒక రోజు ఆమె చెప్పిన మాట మాత్రం నాన్న కూడా టీవీ కట్టేసి విన్నాడు. "చిన్నపిల్లకి కావలసింది చిన్న పోనీ కాదండీ, పెద్ద పోనీ. ఎత్తులో కాదు, వయసులో. చాలామంది పిల్లల్ని మోసి, చాలా చప్పుళ్ళు విని, వాటికి విసిగిపోయిన పోనీ కావాలి."

ఆకులు రాలే కాలంలో మొదటి పోనీని చూడడానికి వెళ్ళాం. ఫోన్ దారి చూపించే రోజులు కావవి. నాన్న ఆఫీసులో ప్రింట్ తీసుకొచ్చిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అమ్మ దారి చెబుతూ ఉండేది. ఆ యజమాని ఫోన్‌లో చాలా చెప్పాడు. పిలిస్తే వస్తుంది, పిల్లలంటే ప్రాణం, ఎవరైనా ఎక్కొచ్చు. పదకొండింటికి రమ్మన్నాడు. అమ్మ పదింటికే మమ్మల్ని అక్కడికి చేర్చింది. చేర్చి, లోపలికి వెళ్ళనివ్వకుండా కారుని రోడ్డు పక్కన ఆపించింది.

"అమ్మా, వై ఆర్ వుయ్ వెయిటింగ్? దిగుదాం" అన్నాను.

"ఆగు చిన్నీ. ఇక్కణ్ణించే బాగా కనపడుతుంది."

కనపడింది. బంగారు రంగు ఒళ్ళు, తెల్లటి జూలు. ఎండలో మెరిసిపోతోంది. అంత అందమైన ప్రాణిని నేను అంతకుముందు చూడలేదు. ఒకాయన చేతిలో గింజల బకెట్ పట్టుకుని దాన్ని పిలుస్తున్నాడు. అది దగ్గర దాకా వచ్చి, ఆయన చెయ్యి చాపగానే పరుగు తీసింది. ఇంకో మనిషి వచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని మూలకి తరిమారు. అది వెనక్కి తిరిగి కాళ్ళు విసిరింది. మళ్ళీ పరుగు. చివరికి ఎలాగో తాడు వేసి, పొట్టిగా కట్టేసి, చెమట తుడిచి, జూలు దువ్వారు. మేము అనుకున్న టైముకి లోపలికి వెళ్ళేసరికి దాని మెడలో గులాబీ రంగు రిబ్బన్ కూడా ఉంది. "ఎంత నెమ్మదిగా నిలబడిందో చూశారా?" అన్నాడాయన.

అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో, చాలా మర్యాదగా అడిగింది. "ఇవాళ దీన్ని పట్టుకోవడానికి మీకు ఎంతసేపు పట్టింది?"

ఆయన అమ్మ వైపు, రోడ్డు వైపు, మా కారు వైపు చూసి నవ్వేశాడు. చెడ్డవాడేమీ కాదు. ఇంకా లేత వయసుదని, పాపతో పాటు అదీ పెరుగుతుందని, ఇద్దరూ కలిసి నేర్చుకుంటారని అన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఇద్దరూ నేర్చుకునేవాళ్ళే అయితే నేర్పేది ఎవరు?" అంది. థాంక్స్ చెప్పి నా చెయ్యి పట్టుకుని నడిచింది.

నేను దారంతా ఏడ్చాను. గుక్క తిప్పుకోకుండా ఏడ్చాను. అసలు పోనీయే వద్దన్న నాన్న మెత్తబడిపోయాడు. "ఇంతలా ఏడుస్తోంది. పోనీ, దాన్నే తీసుకుందామా? ఎవరైనా ట్రైనర్‌ని పెడదాం" అన్నాడు. నేను ఏడుపు ఆపి అమ్మ వైపు చూశాను. ఆ క్షణంలో అమ్మ ఒక్కర్తే ఒకవైపు, మేమిద్దరం ఒకవైపు.

"వద్దండీ" అంది అమ్మ. వెనక్కి తిరిగి నాతో మాట్లాడింది. బాపట్లలో తను నా అంత ఉన్నప్పుడు ఒక కుక్క కరిచిందట. గాయం మానిపోయింది కానీ, ఆ రోజు నుంచి ఏ జంతువు కనపడినా ఇంట్లోవాళ్ళు తనని ఎత్తుకుని లోపలికి తీసుకుపోయేవాళ్ళట. చుట్టాలు వస్తే, "మా పిల్లకి భయం" అని చెప్పేవాళ్ళట. "అందరూ చెప్పీ చెప్పీ అది నా పేరులాగా అయిపోయింది చిన్నీ. వాళ్ళు ప్రేమతోనే చేశారు. కానీ నువ్వు పడ్డాక కూడా మళ్ళీ ఎక్కుతానన్నావు చూడు, అది నాకు లేదు. అది నీ దగ్గర్నుంచి పోకూడదు. ఇంకోసారి పడితే పోతుంది. అందుకే తొందరపడను."

ఆరేళ్ళ పిల్లకి అంతా అర్థమైందని చెప్పను. కానీ అమ్మ నాతో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడిందని మాత్రం తెలిసింది. మళ్ళీ ఏడవలేదు.

చలికాలమంతా అలా తిరిగాం. ఒక పోనీ బాగానే ఉంది కానీ, జీను వేస్తుంటే కొరికింది. ఇంకొకటి కుంటుతోంది. ఒక చోట ఆ ఇంటి పిల్లలు తమ పోనీని వదల్లేక ఏడుస్తుంటే, మా అమ్మే వాళ్ళ అమ్మకి సర్దిచెప్పి, దాన్ని అమ్ముకోవద్దని ఒప్పించి వచ్చేసింది. నాన్న ఆ రోజు నవ్వీ నవ్వీ కారు సరిగ్గా నడపలేకపోయాడు. ప్రతి చోటా అమ్మ కోటు జేబులో ఒక బెలూన్ ఉండేది. యజమానిని అడిగి, దూరంగా వెళ్ళి, ఊది, పిన్నుతో పగలగొట్టేది. కొన్ని పోనీలు ఆ చప్పుడుకి కంచె దాకా పరిగెత్తేవి. అమ్మ పగిలిన ముక్కలు ఏరుకుని జేబులో వేసుకునేది.

మంచు కరిగి నేలంతా బురదగా ఉన్న రోజుల్లో, బార్న్ నడిపే ఆవిడకి తెలిసిన ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాం. ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపిందట. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడిచేది. ఆవిడ పిల్లలు, మనవలు అందరూ ఒకే పోనీ మీద గుర్రపుస్వారీ నేర్చుకున్నారు. ఇప్పుడు ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు. అలవాటు ప్రకారం మేము ముందే వెళ్ళి రోడ్డు మీద ఆగాం. ఆవిడ గేటు దగ్గర నిలబడి ఏదో అంది. గట్టిగా పిలవను కూడా లేదు. దూరంగా మేస్తున్న పోనీ తలెత్తి, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, ఆవిడ పట్టుకున్న ముఖపట్టీలోకి తనంతట తనే మూతి దూర్చింది.

దగ్గరికి వెళ్ళి చూస్తే నాకు ఏమాత్రం నచ్చలేదు. బురద రంగు ఒళ్ళు, కిందికి జారిన వీపు, కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు, దవడ కింద గడ్డంలాంటి జుట్టు. జూలు నిండా ముళ్ళకాయలు. పేరు పెప్పర్ అని చెప్పింది ఆవిడ. "మిరియం" అని అమ్మ నాకోసం మెల్లగా అంది. మెరిసే బంగారు పోనీ నా కళ్ళ ముందు మెదిలింది. నాన్న వెనక దాక్కున్నాను.

అమ్మ బెలూన్ పగలగొట్టింది. మిరియం తలెత్తి, అమ్మ వైపు చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. అమ్మ నాన్న వైపు తిరిగింది.

పోనీల గిట్టల్లో రాళ్ళు, మట్టి ఇరుక్కుంటాయి. వాటిని రోజూ తియ్యాలి. కాళ్ళు ఎత్తనిస్తుందా అన్నది పెద్ద పరీక్ష. పెద్దావిడ చిన్న ఇనప కొక్కెం ఒకటి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకోవడం చూసింది. "నీకు గుర్రాలంటే భయమా?" అని అడిగింది.

నాన్న ఏదో సర్దిచెప్పబోయాడు. అమ్మ, "అవును. చాలా" అంది.

పెద్దావిడ తల ఊపింది. ఇంతకుముందు ఇద్దరు ముగ్గురు వచ్చారని, అందరూ తమకి అన్నీ తెలుసన్నారని, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదని చెప్పింది. తర్వాత పక్కకి జరిగి నిలబడింది.

అమ్మ మిరియం భుజం పక్కన నిలబడి, కాలి మీదుగా చెయ్యి కిందికి జార్చింది. బార్న్‌లో నేర్చుకున్న పద్ధతి. మిరియం ముందరి కాలు ఎత్తి ఇచ్చింది. అమ్మ గిట్టని చేతిలోకి తీసుకుని వంగింది. సరిగ్గా అప్పుడే బురదలో అమ్మ బూటు జారింది. గిట్ట చేతిలోంచి వదిలేసి, పక్కకి దొర్లి, మిరియం పొట్ట కింద పడింది. ఒక చెయ్యి చాచి ఉంది. ఆ చెయ్యి ఉన్నది, మిరియం కాలు దించాల్సిన చోట.

నాన్న నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నొప్పి పుట్టింది. నేను అరవబోయాను. పెద్దావిడ వేలెత్తి మమ్మల్ని ఆపి, చాలా తగ్గు స్వరంతో, "నెమ్మదిగా జరుగు. అది నీకోసం ఆగుతుంది" అంది.

మిరియం కాలు దించలేదు. మూడు కాళ్ళ మీద నిలబడి, ఆ కాలిని గాల్లోనే ఉంచింది. బరువుకి ఒళ్ళు కొంచెం ఊగింది. మెడ వంచి కింద ఏముందో చూసింది. అమ్మ చెయ్యి లాక్కుని, మోచేతుల మీద పాకుతూ బయటికి వచ్చింది. అప్పుడు దించింది మిరియం, మెత్తగా, ఒక అడుగు అవతల. తర్వాత ముందుకు వంగి, బురదలో కూర్చున్న అమ్మ జుట్టుని వాసన చూసింది. వేడి ఊపిరికి అమ్మ నుదుటి మీది వెంట్రుకలు ఎగిరాయి.

అమ్మ లేవలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండు చేతులూ ఎత్తి ఆ ముసలి పోనీ ముఖం పట్టుకుంది.

"ఇదే" అన్నాడు నాన్న. "ఇంక వేరేది చూడొద్దు."

నాకు బంగారు పోనీ గుర్తు రాలేదు. మా అమ్మ మీద కాలు వెయ్యని పోనీ అది. అంతకంటే అందమైనది ఏముంటుంది? వెళ్ళి అమ్మ పక్కన బురదలోనే నిలబడి దాని మెడని కావలించుకున్నాను.

పెద్దావిడ వెంటనే ఇచ్చేయలేదు. మిరియాన్ని ఉంచబోయే బార్న్‌ని చూసి వెళ్ళింది. నాతో కూడా విడిగా మాట్లాడింది. ముద్దొస్తోందని తిండి ఎక్కువ పెట్టకూడదని, పచ్చగడ్డి ఎక్కువ తింటే ఈ జాతి పోనీలకి కాళ్ళు పాడవుతాయని చెప్పింది. వచ్చినవాళ్ళకి మారు వడ్డించకుండా వదలని ఇల్లు మాది. ప్రేమంటే పెట్టడం ఒక్కటే కాదు, ఆపడం కూడా అని నేర్చుకోవడానికి మాకు, ముఖ్యంగా జేబులో బెల్లం ముక్క దాచుకుని వచ్చే మా నాన్నకి, చాలా కాలం పట్టింది.

నేను ఎదిగి నా కాళ్ళు దాని పొట్ట కిందికి వేలాడేదాకా మిరియం నన్ను మోసింది. ఒకటి రెండుసార్లు పడ్డాను కూడా, నా తప్పు వల్లే. పడిన ప్రతిసారీ అది అక్కడే ఆగి, ఇంకా లేవలేదేం అన్నట్టు చూసేది. అమ్మ ఆ ఏళ్ళన్నీ రోజూ బార్న్‌కి వచ్చింది. గిట్టలు శుభ్రం చేసింది, దువ్వింది, చలికాలంలో నీళ్ళతొట్టిలో గడ్డకట్టిన మంచు పగలగొట్టింది. మా అమ్మ భయాన్ని జయించింది అని నేను స్కూల్లో, కాలేజీలో, అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ బురదలో కూర్చున్న రోజుతో ఆ భయం పోయిందనుకున్నాను.

నా పెళ్ళయి, పాప పుట్టాక, ఒక మధ్యాహ్నం అమ్మ మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మాటల మధ్య అడిగాను. "అమ్మా, గుర్రాలంటే భయం నీకు మిరియం వచ్చిన రోజే పోయింది కదా?"

అమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఎక్కడ పోయింది? పోలేదు. మిరియం ఉన్న చివరి రోజు దాకా బార్న్ తలుపు తోసేటప్పుడు కడుపులో తిప్పేది. నీకు తెలియకూడదని తొందరగా తోసేసేదాన్ని." అని మళ్ళీ కాయలు ఒలవడంలో పడిపోయింది, అదేదో పెద్ద విషయం కానట్టు.

జయించడం తేలిక. జయించాక మిగిలేది గెలుపే. మా అమ్మ భయాన్ని ఏ రోజూ గెలవలేదు, ఏ రోజూ దానికోసం ఆగనూ లేదు. నాలో ఏ కాస్త ధైర్యం ఉన్నా, అది ఆమె తనకి లేకుండానే నాకు ఇచ్చినది. ఇప్పుడు ఏదైనా పని ముందు కడుపులో తిప్పినప్పుడు, అది తగ్గాక మొదలుపెడదాం అని అనుకోను. తలుపు తొందరగా తోసేస్తాను.